చెంబు అంచు మీద మూడో చప్పుడు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. అరియాంకుప్పంలో మా పుట్టింటివాళ్ళకు వరి పొలాలుండేవి. చీకటితో లేచి గట్ల మీద ఒంటరిగా నడిచి పెరిగినదాన్ని. ఏ చెట్టు కిందా నాకేమీ కనిపించలేదు. ఏ గట్టు మీదా నన్నెవరూ పిలవలేదు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

నా భయం వేరే. నాకు శవమంటే భయం.

తొమ్మిదేళ్ళప్పుడు మా నాయనమ్మ పోతే, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకోమంటే పట్టుకున్నాను. ముందు రోజు నాకు జడ వేసిన చెయ్యి అది. ఆ చల్లదనం నా వేళ్ళలో ఎక్కడో ఉండిపోయింది. మూడు రోజులు జ్వరం. ఆ తర్వాత ఎవరు పోయినా వీధి చివరే ఆగిపోయేదాన్ని. మా అమ్మ పోయినప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చానే గానీ దగ్గరికి పోలేకపోయాను. అది తలచుకుంటే ఈనాటికీ నాకు సిగ్గే.

ఇది రాయడానికి కూర్చున్నాను గానీ, నేను చదివింది నాలుగో తరగతి, అదీ అరవ బడిలో. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక ప్రార్థన పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూడబలుక్కున్నాను. నా రాత వంకర కావచ్చు, జ్ఞాపకం మాత్రం వంకర కాదు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

నన్ను ఇచ్చింది ఒర్లియంపేటలో ఒక క్రైస్తవ కుటుంబానికి. తెలుగువాళ్ళే. మా ఇంటాయన వడ్రంగి. ఫ్రెంచివాళ్ళు కట్టిన వైట్ టౌన్‌లో పాత ఇళ్ళ తలుపులు, కిటికీలు బాగుచేసేవాడు. పెళ్ళితో పాటు ఆ విశ్వాసమూ నాదైంది. మొదటి కొన్నేళ్ళు అది నా పెదాల మీదే ఉండేదని ఒప్పుకోవాలి. ప్రార్థనకు వెళ్ళేదాన్ని, మోకరించేదాన్ని, ఇంటికొచ్చి చారు పెట్టేదాన్ని. దేవుడితో నాకు పని పడలేదు.

మా అత్త పేరు రాహేలమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా ప్రార్థన కూటంలో ఆడవాళ్ళెవరు చనిపోయినా వాళ్ళకు ఆఖరి స్నానం చేయించేది ఆమే. ముప్పై ఏళ్ళుగా చేసింది. పెట్టెలో పెట్టేముందు మనవాళ్ళ చేతులే కడగాలి, ఆసుపత్రి ఆయాలకు వదలకూడదు అని ఆమె పట్టుదల.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు ఉండాలి. ఒకరు కడుగుతారు, ఇంకొకరు వెనక నిలబడి భుజం మీదుగా నీళ్ళు పోస్తారు. కడిగే మనిషి ఒక చెయ్యి ఎప్పుడూ ఆ ఒంటి మీద ఉండాలి. పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు మనం చెయ్యి వదలం కదా, అట్లాగే. ఒకసారి చెయ్యి పెట్టాక, చివరి చెంబు పడేదాకా తీయకూడదు. చూపు చనిపోయిన మనిషి ముఖం మీదే ఉండాలి, వెనక్కి తిరగకూడదు. మాట్లాడుకోకూడదు. అందుకే పోసే మనిషి ముందుగా చెంబును నీళ్ళ గుండిగ అంచు మీద రెండుసార్లు తడుతుంది. నీళ్ళు వస్తున్నాయని గుర్తు. అంతా అయ్యాక చెంబును నేల మీద బోర్లిస్తుంది. అయిపోయిందని గుర్తు.

ఎవరు పోసినా రెండే తట్టేవాళ్ళు. మా అత్త పోసేటప్పుడు మాత్రం రెండు తట్టి, కాస్త ఆగి, మూడోది తట్టేది. ఎందుకత్తా అని అడిగాను ఒకసారి.

"రెండు కడిగేదానికి. మూడోది పండుకొనుండే దానికి. చెప్పకుండా నీళ్ళు పోస్తే ఉలిక్కిపడదా?" అంది.

చచ్చిపోయిన మనిషి ఉలిక్కిపడడం ఏమిటని నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇదంతా నాకు గడప ఇవతలి నుంచి తెలిసిన సంగతి. నీళ్ళు కాచేదాన్ని, గుండిగ మోసుకెళ్ళి గడప మీద పెట్టి చేత్తో లోపలికి తోసేసేదాన్ని, అంతే. అవతల మా అత్త లాక్కునేది. కూటంలో ఇది అందరికీ తెలుసు.

"రాహేలమ్మ కోడలు మహా ధైర్యస్తురాలు, గడప దాకా వస్తాది," అని మరియక్క అందరి ముందూ అనేది. మరియక్క మా అత్తకు జోడీ. ఒకరు కడిగితే ఒకరు పోసేవాళ్ళు. అరియాంకుప్పం నుంచి బస్సులో వచ్చిపోయేది. ఆమె వెక్కిరింపులో విషం ఉండేది కాదు గానీ నాకు గుచ్చుకునేది.

సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడాది మా అత్తకు కడుపులో జబ్బు తేలింది. ముదిరిపోయిందన్నారు. ఆమె ఏడవలేదు. చింతాకు దూస్తూ కూర్చుని, ఏదో కూర సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నేను పోతే నువ్వే కడగాల మే."

"నా చేత యాడవుద్ది అత్తా. మరియక్క ఉండాది గదా."

"మరియ పోస్తాది. కడిగేది నువ్వు."

"నాకు భయం అత్తా. నీకు తెలీందేముంది?"

ఆమె చింతాకు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నాకు మాత్రం లేదా ఏంది? ముప్పై ఏండ్లుగా ఉండాది. పోయిన ప్రతిసారీ చెప్పులతో పాటు దాన్నీ గడప బయట ఇడిచిపెట్టి పోతాను. తిరిగొచ్చి చూస్తే చెప్పులుంటాయి, అది ఉండదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"లోపలికి ఒంటిగా పోతావుండాననుకోబాక," అంది మళ్ళీ. "ప్రభువు నీకంటే ముందే పోయి లోపల నిలబడుంటాడు. నేను చూడలా. అయినా తెలుసు."

సరే అన్నాను. నోటితో అన్నానే గానీ, మనసులో అప్పుడే తప్పించుకునే దారులు వెతుకుతున్నాను.

మూడు నెలలకు, మంచి ఎండాకాలంలో, తెల్లవారుతుండగా ఆమె పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఊపిరి ఉన్నంతసేపూ చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆగిపోయిందని తెలియగానే నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. మా ఇంటాయన అది చూశాడు.

ఆ వేళ శవాన్ని ఉంచే ఐసు పెట్టె ఎక్కడా దొరకలేదు. సాయంత్రం నాలుగుకు సమాధి అని పాస్టరు గారు చెప్పి పంపారు. మా ఇంటాయన మరియక్కకు కబురు చేశాడు. తొమ్మిదికల్లా బస్సెక్కుతానందట. నేను నీళ్ళు కాచాను. వెనక గదిలో బల్ల వేశారు. ఆ బల్ల మా ఇంటాయన చేసిందే, నీళ్ళు జారిపోయేలా ఒక పక్క కాస్త వాలు పెట్టి. అత్తను దాని మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి మగవాళ్ళు బయటికి వచ్చేశారు.

పది అయింది. మరియక్క లేదు. పదిన్నర అయింది. ఎండ వాకిట్లోకి వచ్చేసింది. కాచిన నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచాను.

పక్కింటి సెల్వి అక్క తమిళావిడ, నా కంటే పదేళ్ళు పెద్ద. మాతో మా భాషే మాట్లాడేది. మొదట మెల్లగా చెప్పింది, తర్వాత గట్టిగానే చెప్పింది. "ఇంకా ఎంతసేపు పాపా? ఈ ఎండకి ఉంచకూడదు. ఆసుపత్రి ఆయమ్మ ఒకామె నాకు తెలుసు. పిలిస్తే సీక్కిరం వచ్చి పది నిమిషాల్లో ముగించి పోతుంది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అదే నేను వెతుకుతున్న దారి. మా ఇంటాయన ముఖం చూశాను. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "నీ ఇష్టం," అన్నాడు. "అమ్మ ఏమీ అనుకోదు." ఆ రెండో మాట నేల చూస్తూ అన్నాడు.

ఇతరుల అమ్మల్ని ముప్పై ఏళ్ళు తన చేతుల్తో కడిగిన మనిషి. ఆమెకు మనవాళ్ళ చేతులే లేకుండా పోతున్నాయి. అది నా వల్లే.

వెనక గది గడప దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కాళ్ళు కదల్లేదు. నేనెప్పుడూ సొంతంగా ప్రార్థన చేసినదాన్ని కాదు, అందరితో కలిసి చెప్పడమే. ఆ రోజు నా మాటలే వచ్చాయి. "ప్రభువా, నేను మాట ఇచ్చాను. నా కాళ్ళు రావడం లేదు. నువ్వు లోపలున్నావని మా అత్త చెప్పింది. ఉంటే నన్ను లాక్కో." అంతే నా ప్రార్థన. తర్వాత చెప్పులు విడిచాను. ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటు మాకు లేదు. ఆ రోజు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ మరచిపోయి వేసుకునే వచ్చేశానన్నమాట. ఆ చెప్పులు చూడగానే అత్త మాట గుర్తొచ్చింది. ఒక అడుగు పడింది. రెండోది కూడా.

లోపలికి వెళ్ళి తలుపు మూశాను.

గుండిగను ఈసారి నేనే లోపల పెట్టుకున్నాను, గోడ వార, బల్లకు రెండు బారల దూరంలో. చెంబు గుండిగ మూత మీద ఉంది. దుప్పటి తీశాను. ఎక్కువ ఆలోచిస్తే పారిపోతానని తెలిసి, గబగబా వెళ్ళి నా ఎడమ చెయ్యి ఆమె తల కింద పెట్టేశాను.

పెట్టాక అర్థమైంది నేను చేసిన తప్పు. పోసే మనిషి లేదు. నీళ్ళు నా వెనక ఉన్నాయి. చెయ్యి పెట్టాక తీయకూడదు. తీస్తే మళ్ళీ పెట్టగలనన్న నమ్మకం నాకు లేదు. ఎవరినైనా కేకేద్దామంటే మాట్లాడకూడదు.

అట్లాగే నిలబడిపోయాను. నా వేళ్ళ కింద అదే చల్లదనం, తొమ్మిదేళ్ళప్పటిది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఆమె ముఖం సరిగ్గా కనిపించడం మానేసింది. ఇక ఒక్క క్షణం అయితే చెయ్యి లాగేసేదాన్నే.

నా వెనక చెంబు తట్టిన చప్పుడైంది. టక్ టక్.

అమ్మయ్య, మరియక్క వచ్చేసింది అనుకున్నాను. ఏడుపులో తలుపు చప్పుడు వినలేదనుకున్నాను. తిరగకూడదు కాబట్టి తిరగలేదు. నా భుజం మీదుగా ఆమె నుదుటి మీద నీళ్ళు పడ్డాయి. గోరువెచ్చగా, ఒక్క చుక్క నా మీద చిందకుండా, సన్నటి ధార.

కుడి చేత్తో కడగడం మొదలుపెట్టాను. నుదురు, కళ్ళు, చెవుల వెనక. మళ్ళీ టక్ టక్, మళ్ళీ నీళ్ళు. మెడ, భుజాలు. మూడో చెంబుకో నాలుగో చెంబుకో నాకు భయం వేయడం లేదని తెలిసింది. చల్లగానే ఉంది ఒళ్ళు. అయినా అది శవం ఒళ్ళు కాదు, మా అత్త ఒళ్ళు. మోచేతి మీద నూనె చిందిన మచ్చ, చింతాకు పసరు పోని గోళ్ళు. వాటిని ఒక్కొక్కటీ శుభ్రం చేశాను. చెయ్యి తల నుంచి భుజానికి, భుజం నుంచి చేతికి, అట్లా జరుపుకుంటూ పోయానే గానీ ఎక్కడా తీయలేదు. పాదాల దగ్గరికి వచ్చేసరికి మనసులో పాట పాడుకుంటున్నాను కూడా.

పద్నాలుగు చెంబులు. లెక్క పెట్టుకోవాలని కాదు, నా బుర్ర అంతే. అన్నీ అట్లా పట్టి ఉంచుకుంటుంది.

ఆ పద్నాలుగూ ఒకే రకంగా పడ్డాయి. రెండు చప్పుళ్ళు, కాస్త ఆగి ఇంకోటి, తర్వాత నీళ్ళు. ఆ మూడోది మొదటి చెంబు నుంచీ ఉంది. నేను వింటూనే ఉన్నాను. నా చెవులకు అది అలవాటైన చప్పుడు, ఏళ్ళ తరబడి గడప ఇవతల విన్నది. అందుకే వింతగా అనిపించలేదు. మరియక్క ఈ ఒక్కరోజుకు అత్త మాదిరి తడుతోంది, మర్యాదగా, అనుకున్నాను.

చివరి చెంబు పడ్డాక చెయ్యి తీసి, తువ్వాలు కోసం వెనక్కి తిరిగాను. గదిలో ఎవరూ లేరు.

చీర తేవడానికి పోయుంటుందనుకుని తలుపు తీశాను. మా ఇంటాయన మెట్టు మీదే ఉన్నాడు. సెల్వి అక్క తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మరియక్క యాడ పోయింది?" అన్నాను.

మా ఇంటాయన నా ముఖం వింతగా చూశాడు. "ఇంకా రాలేదు గదా. ఇప్పుడే సెల్వి అక్క వాళ్ళింటికి ఫోన్ చేసింది, వాళ్ళింట్లోవాళ్ళు వచ్చి చెప్పినారు. బ్రిడ్జి మీద లారీ అడ్డం పడిందంట. బస్సు దిగి, పక్కనున్న టెలిఫోన్ బూత్ నుంచి మాట్లాడింది."

అప్పుడు సెల్వి అక్క లేచి నిలబడి, నా చెయ్యి పట్టుకుని, చిన్న గొంతుతో అడిగింది. "మీ అత్త మాదిరే మూడు తట్టినావే పాపా. ఎప్పుడు నేర్చుకున్నావు?"

నేను వెనక్కి వెళ్ళి గదంతా చూశాను. పెరటి వైపు తలుపుకు గడియ లోపలి నుంచే పెట్టి ఉంది. ఆ గడియ తుప్పు పట్టింది. రెండు చేతులతో లాగితే గానీ రాదు, వస్తే వీధంతా వినిపించేలా అరుస్తుంది. గుండిగ ఖాళీగా ఉంది. భుజం మీదుగా అన్ని చెంబులు పడినా నా చీర వెనక వైపు పొడిగా ఉంది. చెంబు గోడ వార నేల మీద బోర్లించి ఉంది.

మరియక్క ఒంటిగంట దాటాక వచ్చింది, చెమటతో, దుమ్ముతో, పాపం సగం దూరం నడిచి. తెల్లచీరలో సిద్ధంగా ఉన్న మా అత్తను చూసి ఏడ్చింది. ఏడుపు తగ్గాక నా వైపు తిరిగి, "కడిగినావా మే? నువ్వేనా?" అంది. ఆ తర్వాత, "ఎవురు పోసినారు?" అంది. నేను చెప్పాను. ఆమె వెక్కిరించలేదు. వెళ్ళి, బోర్లించి ఉన్న ఆ చెంబును కదపకుండా చేత్తో ఒకసారి తాకి వచ్చింది.

ఇది విన్నవాళ్ళు రకరకాలుగా అన్నారు. మా ఇంటాయన, నువ్వే పోసుకుని ఉంటావు, దుఃఖంలో తెలియలేదు అంటాడు. కావచ్చు. కానీ నా ఎడమ చెయ్యి ఆమె మీద నుంచి లేవలేదని నేను ఎక్కడైనా నిలబడి చెప్పగలను. ఒక చెయ్యి ఆమె మీద ఉంచి రెండు బారల దూరంలో ఉన్న గుండిగను అందుకోవడం నాకే కాదు, ఎవరికీ కుదరదు. మా ఇంటాయనే ఒకరోజు ఆ బల్ల వేసి కొలిచి చూశాడు. అందలేదు. చెంబు పట్టుకున్న చెయ్యి కనిపించిందా అని చాలామంది అడిగారు. అక్కడ చెయ్యి ఉందనీ ఒట్టు వేయలేను, లేదనీ వేయలేను. నేను ఆమె ముఖం నుంచి చూపు తిప్పలేదు, అంతే చెప్పగలను.

పాస్టరు గారికి కూడా చెప్పాను, తిడతారేమోనని భయపడుతూనే. "చనిపోయినవాళ్ళు తిరిగి రారమ్మా," అన్నారు. "నేనూ అదే నమ్ముతానయ్యా," అన్నాను. "మరి దేవుడు సాయం పంపడని నేను చెప్పలేను. ఎట్లా పంపుతాడో కూడా చెప్పలేను," అన్నారు ఆయన. మేమిద్దరం అక్కడే వదిలేశాం. ఇన్నేళ్ళూ మళ్ళీ ఎత్తలేదు.

నాకు తెలిసింది ఒక్కటే. ఆ రోజు గడప ఇవతల నిలబడ్డ నేనూ, తలుపు తీసుకుని బయటికి వచ్చిన నేనూ ఒకే మనిషి కాదు. బయటికొచ్చి చూస్తే నా చెప్పులు ఉన్నాయి. అది లేదు.

మా అత్త పోయిన నెల రోజులకే కూటంలో ఇంకో ముసలామె పోయింది. మరియక్క ఏమీ అడగకుండా చెంబు తాను తీసుకుంది. నేను కడిగాను. అప్పటి నుంచి ఎవరు పోయినా మేమిద్దరమే వెళ్ళాం. మరియక్క మోకాళ్ళు పడిపోయాక కొత్తగా వచ్చిన ఒక కోడలు పిల్ల కడగడానికి ముందుకు వచ్చింది. మొదటిరోజు గడప దగ్గర ఆమె ఆగిపోతే, చెప్పుల సంగతి చెప్పాను. పక్కున నవ్వేసి, కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది.

ఇప్పుడు నీళ్ళు పోసేది నేను. రెండు తడతాను. కాస్త ఆగుతాను. మూడోది తట్టే ముందు ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం నిలబడుతుంది, నా కంటే ముందు ఇంకెవరైనా తడతారేమోనని. ఇంతవరకూ ఎవరూ తట్టలేదు. బహుశా ఇప్పుడు ఆ అవసరం లేదేమో. ఆ పిల్ల ముందుంది, వెనక నేనున్నాను. లోపల ఒంటరిగా ఎవరూ లేరు.

కాసేపు చూసి, ఆ మూడోది నేనే తడతాను.